కల్దీయుల కొట్టు, రోజుకో సీసా

నేను జీవితంలో ఒక్క చుక్క బీరు తాగలేదు. అయినా ఎనభైల మధ్యలో ఒక చలికాలమంతా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక బీరు కొట్టుకు వెళ్లి, రోజుకో రకం సీసా చొప్పున కొన్నాను. ఆరు సీసాలు పట్టే అట్టపెట్టె నిండగానే ఇంకో పెట్టె మొదలుపెట్టేవాణ్ణి. ఈ సంగతి ఎవరికి చెప్పినా "అబ్బో, చూశాం లెండి" అన్నట్టు నవ్వుతారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు మరి. నవ్వుకోండి. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

ముందు ఆమె సంగతి చెప్పాలి. మాది గుంటూరు వైపు, ఆమెది రేపల్లె దగ్గర. ఇద్దరివీ చర్చి కుటుంబాలే. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు మమ్మల్ని ఓ పది నిమిషాలు వరండాలో మాట్లాడుకోమని వదిలితే, ఆమె తలెత్తి సూటిగా ఒకటే అడిగింది.

"మీకు తాగుడు అలవాటుందా?"

"లేదు."

"ఇకముందు?"

"ఎప్పటికీ ఉండదు."

"ఆ కొట్ల గడప కూడా తొక్కనని మాటివ్వండి."

ఇచ్చాను. మాటదేముంది, తొక్కాలన్న ఆలోచనే నాకు లేదు. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్నను ఇంటికి తీసుకురమ్మని ఆమెను సారా కొట్టుకు పంపేవారట. అక్కడ కూర్చున్నవాళ్లు ఏడిపించేవారట. ఆయన చివరికి ఆ తాగుడుతోనే పోయాడు. ఇదంతా పెళ్లయ్యాక చెప్పింది. ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. ఆమె నన్ను కోరిన కోరిక ఆ ఒక్కటే. చీర అడగలేదు, నగ అడగలేదు.

మరి ఎందుకు తొక్కావయ్యా అంటే, బోర్డు చూసి మోసపోయాను. నేనప్పుడు కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో డ్రాయింగ్ బోర్డు ముందు పనిచేసేవాణ్ణి. తను ఆసుపత్రిలో నర్సు. చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులం పన్నెండు కుటుంబాలం ఉండేవాళ్లం, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో నెలకు రెండుసార్లు కలిసి ఆరాధన చేసుకునేవాళ్లం. ఆ ఏడు క్రిస్మస్ ప్రోగ్రామ్‌కి బుడగలు, కాగితం ప్లేట్లు తెచ్చే పని నా నెత్తిన పడింది. ఆఫీసు నుంచి డ్రైవ్ చేస్తూ వస్తుంటే దారిలో పెద్ద అక్షరాలతో "పార్టీ స్టోర్" అని కనబడింది. ఇంకేం, దేవుడే చూపించాడనుకుని కారాపాను. మిషిగన్‌లో బీరూ విస్కీ అమ్మే కొట్టుని పార్టీ స్టోర్ అంటారని నాకెవరు చెప్పారు?

లోపలికి అడుగుపెట్టి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఓరి నాయనో, ఎన్ని సీసాలు! ఒక గోడ గోడంతా అద్దాల తలుపుల ఫ్రిజ్‌లు. గోధుమరంగువి, ఆకుపచ్చవి, పొట్టివి, మెడ పొడుగువి. వాటికి అంటించిన కాగితాల మీద మేకపోతులు, ఓడలు, కోటలు, గుండు చేయించుకున్న సన్యాసులు. బీరంటే బీరే, చేదు నీళ్లు, అంతవరకే నాకు తెలుసు. ఒక చెడ్డ పనికి ఇన్ని రూపాలు ఉంటాయా అని భయమేసింది, భయంలోనే కన్ను తిప్పుకోలేకపోయాను. పొరపాటున వచ్చానని తెలిసిపోయింది, వెనక్కి తిరిగాను.

అప్పుడు వినబడిందా గొంతు. కౌంటర్ పక్కన హీటర్ దగ్గర, పాలసీసాల ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దానిమీద దిండు వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నల్లగౌను, తలకు నల్లగుడ్డ, చేతిలో జపమాల. కౌంటర్‌లో ఉన్న నలభై ఏళ్ల మనిషిని ఏకబిగిన తిడుతోంది. తల్లీకొడుకులని ఆ తిట్టే తీరులోనే తెలుస్తోంది. అరబ్బీ అనుకున్నాను. కానీ ఆ మాటల్లో ఏదో ఎక్కడో విన్నట్టే ఉంది. అతను ఒక పెట్టె ఎత్తబోతుంటే ఆవిడ "శ్వోక్! శ్వోక్!" అని అరిచింది. అతను దాన్ని వదిలేశాడు.

"ఎక్కణ్ణుంచి వచ్చావు మిత్రమా?" అన్నాడతను ఇంగ్లీషులో.

"ఇండియా."

"హిందువా?"

"కాదు, క్రిస్టియన్."

అతని మొహం వెలిగిపోయింది. "మేమూను! కాల్డియన్స్‌మి. ఇరాక్ నుంచి."

కాల్డియన్. ఆ ముక్క నా తలలో తెలుగులోకి మారడానికి ఒక క్షణం పట్టింది. కల్దీయులు! సండే స్కూల్లో అబ్రాహాము "కల్దీయుల ఊరు" నుంచి బయల్దేరాడని చెబితే, ఊరంటే మామూలు ఊరే అనుకున్నాను, మా ఊరు, మీ ఊరు లాగా. ఇంత గొప్పాయన పుట్టిన ఊరికి పేరు లేదేమిటా అని జాలి కూడా పడ్డాను. ఆ పట్టణం పేరే ఊరు అని కాలేజీకొచ్చాక గానీ తెలియలేదు. ఆ కల్దీయులు ఇంకా భూమ్మీద ఉన్నారని, ట్రాయ్‌లో బీరు అమ్ముతున్నారని ఎవరనుకుంటారు?

"మీ అమ్మగారు మాట్లాడేది ఏం భాష?" అన్నాను.

"మా ఇంటి భాష. ఇంగ్లీషులో అరామిక్ అంటారు. ఏసు మాట్లాడింది." సిగరెట్ ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నా వెన్ను జలదరించింది. మీకు నవ్వు రావచ్చు గానీ, ప్రభువు తెలుగే మాట్లాడేవాడని నాకు పదేళ్లొచ్చేదాకా గట్టి నమ్మకం, అదీ మా పాస్టరుగారి లాంటి గ్రాంథికం తెలుగు. గుడ్ ఫ్రైడే నాడు శిలువ మీద పలికిన ఏడు మాటలూ చదివేటప్పుడు, ఒకే ఒక్కదాన్ని తెలుగు చేయకుండా ముందు అలాగే పలికేవారు. దాని చివర "సబక్తానీ" అని వస్తుంది. ఏ ముక్కకు ఏ అర్థమో తెలియకుండా చిన్నప్పటినుంచీ వణుకుతూ విన్న మాట అది. ఆగలేక అడిగేశాను.

"సబక్తానీ అంటే మీ భాషలో ఏంటి?"

అతను తల గోక్కుని తల్లినడిగాడు. ఆవిడ నావైపు చూసి, చేతిలో ఉన్నదేదో కింద పడేసినట్టు చెయ్యి విదిలించి, "శ్వోక్" అంది.

"అదే మాట," అన్నాడు కొడుకు. "పాతది అది, మాది ఇది. వదిలెయ్యడం. ఇందాక పెట్టె వదిలెయ్యమని అరిచింది చూడు, అదే."

ఆ రోజు బుడగలు కొనకుండానే ఇంటికెళ్లాను. రెండు వేల ఏళ్ల కిందట ఆయన ప్రాణం పోతూ నన్నెందుకు వదిలేశావని అరిచిన మాటతో ఒక తల్లి కొడుకుని బీరు పెట్టె వదిలెయ్యమంటోంది! మా ఆవిడకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పాలంటే గడప తొక్కిన సంగతీ చెప్పాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎంత వెధవ మాటండీ ఆ "రేపు" అన్నది.

మర్నాడు సాయంత్రం కారు తనంతట తనే అక్కడ ఆగింది. లోపలికి వెళ్లాక "ఏం కావాలి?" అన్నాడు కొట్టాయన. ఏం చెప్పను? మీ అమ్మ మాట్లాడుతుంటే వినాలి అని పరాయి మనిషిని ఎలా అడుగుతాం? కొట్టుకు వెళ్లాక ఏదో ఒకటి కొనాలి కదా అనుకున్నాను. కంగారులో ఫ్రిజ్ వైపు వేలు చూపించాను.

"ఒక్కటే సీసానా?"

"ఒక్కటే."

అంతే, మనిషి ఉప్పొంగిపోయాడు. ఒక ఫ్రిజ్ తలుపు వెనకాల ఉన్నవన్నీ అతను సొంత చేతులతో పెట్టెలు విప్పి విడివిడిగా పెట్టినవట. జర్మనీవి, బెల్జియంవి, ఇంగ్లండ్‌వి. అప్పుడప్పుడే ఈ దేశంలో బీరు కాసే చిన్న చిన్న బ్రూవరీలు మొలుస్తున్నాయి, పది మంది కూడా లేని చోట చేత్తో కాసినవి, వాటి సీసాలు కూడా ఎక్కడెక్కడినుంచో తెప్పించేవాడు. ఖాళీ అట్టపెట్టె ఇచ్చి, ఆరు గదుల్లో ఆరు రకాలు నీ ఇష్టమొచ్చినట్టు నింపుకో అనేవాడు. ఒకే రకం ఆరు కొనేవాణ్ణి చూస్తే అతనికి చిరాకు.

"రోజుకొకటి తీసుకుంటాను," అన్నాను. అలాగైతే ఒక పెట్టెకు ఆరుసార్లు రావచ్చు కదా అని నా లెక్క.

"రోజుకొకటి!" అంటూ తల్లివైపు తిరిగి నన్ను చూపిస్తూ ఏదో చెప్పాడు. నాతో, "బీరును గౌరవించే మనిషిని ఇన్నాళ్లకు చూశాను," అన్నాడు. నేను కుక్కిన పేనులా నిలబడ్డాను.

అలా మొదలైంది. ఏ రోజు ఏ సీసా ఇవ్వాలో అతనే ఎంచేవాడు. దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని, ఏ దేశపు నీళ్లు, బార్లీ గింజను ఎంత వేయించారు, ఏ సన్యాసులు ఎన్ని తరాలుగా కాస్తున్నారు, అన్నీ చెప్పేవాడు. ఆ చెప్పడం చూస్తే, తాగుడు అనే ఒక్క మాట కింద మేము పూడ్చిపెట్టేసిన దాంట్లో ఇంత విద్య ఉందా అని ఆశ్చర్యమేసేది. ఆ మధ్యలో ముసలావిడ గొణుక్కునేది, తిట్టేది, జపం చేసేది. నా చెవి అటే. "శ్లామా" అంటే శాంతి, ఎవరొచ్చినా ముందు అదే అంటారు. "లఖ్మా" అంటే రొట్టె, "శ్మయ్యా" అంటే ఆకాశం. పదిరోజులయ్యేసరికి ఆవిడ నన్ను "బ్రోనీ" అని పిలవడం మొదలెట్టింది, నా కొడకా అని. కన్నీళ్లొచ్చాయి, దాచుకున్నాను.

మరి సీసాలు ఏం చేశానంటారా? ఆఫీసులో నా పక్క బోర్డు దగ్గర ఒక బుర్రమీసాల డిజైనర్ ఉండేవాడు, కారు తలుపుల కీళ్లు గీసేవాడు. రోజూ సీసా తీసుకెళ్లి అతనికిచ్చేవాణ్ణి. బదులుగా రుచి ఎలా ఉందో మర్నాడు చెప్పాలి, ఖాళీ సీసా అదే పెట్టెలో తిరిగివ్వాలి. మిషిగన్‌లో ఖాళీలు కొట్టులో వెనక్కి ఇవ్వడం ఆచారం. అతను మహా నిజాయితీగా చెప్పేవాడు. నేను ఆ మాటలే పట్టుకెళ్లి కొట్టులో అప్పజెప్పేవాణ్ణి.

"మొన్నటిది ఎలా ఉంది?"

"అరటిపండు వాసన. చివర్లో లవంగం."

"లవంగం! అమ్మా, విన్నావా, లవంగం పట్టుకున్నాడు!" అని కౌంటర్ మీద చరిచి, "ఈ కొట్లో ఇంతవరకు ఒక్కడు చెప్పలేదు," అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇంట్లో ఒక దాపరికం, కొట్లో ఒక అబద్ధం. అయినా మానలేకపోయాను. నాలుగు నెలలు.

ఏప్రిల్ వచ్చింది. మట్టల ఆదివారానికి ముందు శనివారం. నేను వాకిట్లోనే ఉన్నాను. మా ఆవిడ బియ్యం బస్తా పెట్టుకుందామని నా కారు డిక్కీ తెరిచింది. మీసాలాయన ఇచ్చిన పెట్టె అందులో ఉంది, అయిదు ఖాళీ సీసాలతో. నిండు సీసాలైనా ఏదో ఒకటి బొంకవచ్చు. ఖాళీ సీసాలకు ఏం చెబుతాం? ఆమె వంగి ఒకదాన్ని వాసన చూసింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. డిక్కీ మూసి, కారెక్కి కూర్చుంది.

"ఎక్కడ కొంటున్నారో అక్కడికి పోనివ్వండి."

"అది కాదు, నేను చెప్పేది..."

"పోనివ్వండి."

దారంతా చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. కొట్టు ముందు కారాపాను. తలుపు దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకోబోతే లాగేసుకుంది. ఎంతసేపు నిలబడిందో తెలియదు. తర్వాత, నీళ్లలోకి దిగినట్టు, ఒక్కసారి ఊపిరి బిగబట్టి లోపలికి అడుగేసింది.

"మిత్రమా!" అని కేకేశాడు కొట్టాయన. "ఆరోది నీకోసం దాచిపెట్టాను!" అని కౌంటర్ కింది నుంచి ఒక సీసా తీసి రెండు చేతులతో పైకెత్తాడు.

ఆమె నావైపు చూసింది. ఆ చూపు పగవాడికి కూడా వద్దు.

ఇక ఆగలేకపోయాను. "నేను తాగలేదు," అన్నాను, ఇంగ్లీషులో, ఇద్దరికీ వినబడేలా. "ఒక్కటి కూడా. ఎప్పుడూ. అన్నీ ఆఫీసులో ఒకాయనకిచ్చాను."

కొట్టాయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. "లవంగం?"

"ఆయనే చెప్పాడు."

అతను ఆ సీసాను తుడిచి పక్కన పెట్టాడు. "మరి రోజూ ఎందుకొచ్చావు?" అన్నాడు. కోపం లేదు, దెబ్బ తగిలిన గొంతు.

"మీ అమ్మగారి మాట వినడానికి."

అతను తల్లివైపు తిరిగి ఆ సంగతి చెప్పాడు. ఆవిడ మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది. ఉన్నట్టుండి మోకాళ్లు చరుచుకుంటూ నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుంటూ ఏదో అంది.

"నా మనవలకే నా మాట అక్కర్లేదు, నా తిట్లు వినడానికి వీడు నాలుగు నెలలు బీరు కొన్నాడా అంటోంది," అన్నాడు కొడుకు. అతనూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

మా ఆవిడకు ఏమీ అర్థం కావడం లేదు. తెలుగులో చెప్పాను. "ఆవిడ మాట్లాడేది ప్రభువు మాట్లాడిన భాష. ఒట్టు."

"ఒట్లు మీరు పెట్టకండి," అంది.

నన్ను దాటుకుని ముసలావిడ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆవిడ తలెత్తి చూసి "శ్లామా, బ్రాతీ" అంది.

"శాంతి, నా కూతురా అంటోంది," అన్నాడు కొడుకు.

ఆ గొంతు విని మా ఆవిడ కొట్టాయన్ని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది, ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన అమ్మగారు వాళ్ల భాషలో చెబుతారా అని. అతను అది చెప్పగానే ముసలావిడ జపమాల సర్దుకుని, కౌంటర్ పట్టుకుని లేచి నిలబడింది. కొడుకు క్యాష్ రిజిస్టర్ మూసి టోపీ తీశాడు. అప్పుడు మా ఆవిడ, మెడలో ఉన్న ఉన్నిగుడ్డ విప్పి తలమీద ముసుగు వేసుకుంది. ఆ గోడనిండా ఉన్న సీసాల ముందు, ఆ గడప తొక్కనివ్వని మనిషి, చర్చిలో వేసుకున్నట్టే ముసుగు వేసుకుని తల వంచింది.

ముసలావిడ చెప్పింది. తొందరేమీ లేదు, పిల్లలకు అన్నం కలిపి పెట్టేటంత నింపాదిగా చెప్పింది. ఆకాశం అన్న మాట తెలిసింది నాకు, రొట్టె అన్నది తెలిసింది, మిగిలినవి తెలియలేదు. అవి మా ఇళ్ల గోడల మీద రాసుకున్న వాక్యాలు కావు, ఒకప్పుడు ఒక నోట్లోంచి వచ్చిన మాటలు. ఫ్రిజ్‌లు హోరుమంటున్నాయి. ఆమేన్ మాత్రం నలుగురం కలిసే అన్నాం.

బయటికొచ్చి కార్లో కూర్చున్నాం. గండం గడిచిందనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా వేసింది, చూశావా నేను ఎంత గొప్పది కనిపెట్టానో అని. తాళం తిప్పబోయాను.

"ఆగండి," అంది.

ముసుగు ఇంకా తీయలేదు. అద్దంలోంచి ఎదురుగా చూస్తూ మాట్లాడింది.

"మీరు తాగుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసండీ. మా అమ్మను చూస్తూ పెరిగాను. ఏడుస్తారు, అరుస్తారు, అన్నం పెడతారు. అది నాకొచ్చు. ఇంతటిది దొరికితే నాలుగు నెలలు మీరొక్కరే విన్నారు. పక్కన నేను పడుకునే ఉన్నాను. దీనికేం చెయ్యాలో నాకు తెలీదు."

నీకు బాధ కలుగుతుందనే చెప్పలేదు అనబోయాను. ఆ మాట నాకే అబద్ధంలా వినబడింది. చెబితే నాది కాకుండా పోతుందని కూడా భయపడ్డాను, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమె తలుపు తెరుచుకుని దిగింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. అద్దాల్లోంచి అంతా కనబడుతోంది. కొట్టాయన ఇంకో డబ్బా బోర్లించి గుడ్డతో తుడిచాడు. ఆమె ముసలావిడ పక్కన కూర్చుంది. ఆవిడ ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఏదో చెబుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఒక్కో మాటా తిరిగి పలుకుతోంది. ఏ మాటో నాకు వినబడలేదు. నలభై నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాను. లోపలికి రమ్మని ఆమె పిలవలేదు.